చైనాలో టీచరు ఉద్యోగం: ఐదు ఊళ్లలో మీకు సరిపడేది ఏది?

రెండు మూడు ఊళ్ల నుంచి ఆఫర్లు చేతికి రాగానే చాలామంది ముందు జీతం చూస్తారు, తర్వాత ఆ ఊరి చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల ఫోటోలు చూస్తారు. లెక్క తప్పేది ఈ రెండో దగ్గరే. ఆ ఫోటోల్లోని చోట్లకు సెలవుల్లో వెళ్లొచ్చులే అనుకుంటారు. చైనాలో సెలవులు అందరికీ ఒకేసారి వస్తాయి: అక్టోబరు 1 నుంచి వారం, మే మొదటి రోజులు, జనవరి-ఫిబ్రవరిలో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గర ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆ వారాల్లో దేశమంతా అలాగే ఉంటుంది. పైగా పెద్ద సెలవు ఇచ్చినందుకు దాని ముందో వెనకో ఒక శనివారమో ఆదివారమో పని చేయించుకుంటారు.

అందుకని ఊరిని మామూలు వారాన్ని బట్టి ఎంచుకోవాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏం తింటారు, చలికాలంలో గది ఎలా ఉంటుంది, శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా ఏం చూడగలరు అన్నవే అసలు ప్రశ్నలు. చెంగ్డు, షియాన్, కున్‌మింగ్, గ్వాంగ్‌జౌ, హార్బిన్‌లను ఇక్కడ ఆ లెక్కనే పోల్చాం. బీజింగ్, షాంఘై గురించి అందరూ రాసేస్తున్నారు కాబట్టి వాటిని వదిలేశాం.

## ఊరికన్నా ముందు పాస్‌పోర్టు

ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగాలకు చైనా సాధారణంగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల పౌరులకే వర్క్ పర్మిట్ ఇస్తుంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టున్న తెలుగువాళ్లకు ఇబ్బంది లేదు. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు దారి వేరు: ఇంటర్నేషనల్ స్కూళ్లలో గణితం, సైన్సు, కంప్యూటర్లు, లేదా యూనివర్సిటీలో సొంత సబ్జెక్టు. యోగా మరో దారి. కున్‌మింగ్‌లోని యునాన్ మింజు యూనివర్సిటీలో 2015లో మొదలైన భారత-చైనా యోగా కళాశాల ఉంది.

డిగ్రీ, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష అందరికీ ఉండాల్సినవే. రెండేళ్ల అనుభవం కూడా సాధారణంగా అడుగుతారు. చిక్కంతా అటెస్టేషన్ దగ్గర వస్తుంది. చైనా 2023 నవంబరు 7 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం వేసిన ఒక్క ముద్రతో ఆ పత్రాన్ని మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే ఏర్పాటు) ఉంది కాబట్టి అమెరికా, బ్రిటన్ సర్టిఫికెట్లకు అపోస్టిల్ ముద్ర చాలు. భారత్, చైనాల మధ్య మాత్రం ఆ ఒప్పందం అమలు కాదు. ఉస్మానియా డిగ్రీ అయినా ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ అయినా విదేశాంగ శాఖ అటెస్టేషన్ అయ్యాక చైనా రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. దీన్ని చివరి నెలకు వదిలేస్తే సెప్టెంబరు సెమిస్టర్ చేజారుతుంది.

"ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, ఇక్కడ మార్పిస్తాం" అనే ఏజెంటు మాట వినొద్దు. పర్మిట్ లేకుండా పనిచేస్తూ పట్టుబడితే జరిమానా 5,000 నుంచి 20,000 యువాన్లు. తీవ్రమైన కేసుల్లో 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా ఉంటుంది, ఆపైన దేశం నుంచి పంపించేయడం. దొరికేది టీచరే, ఏజెంటు కాదు.

ఉద్యోగానికి ఇచ్చే జెడ్ వీసాతో దిగాక 24 గంటల్లో స్థానిక పోలీసు స్టేషన్‌లో చిరునామా నమోదు చేయించుకోవాలి, 30 రోజుల్లో నివాస పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తు తేలేదాకా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది. చేతికి రసీదు ఇస్తారు. దాంతో దేశం లోపల రైలెక్కొచ్చు, దేశం దాటలేరు. కాబట్టి మొదటి ఆరు వారాల్లో ఇంటికి రావడానికో హాంకాంగ్ వెళ్లడానికో టికెట్ కొని పెట్టుకోవద్దు.

## ఏ బడి అన్నది కూడా తిరుగుడును మార్చేస్తుంది

యూనివర్సిటీలో జీతం తక్కువ. క్యాంపస్‌లో ఉచిత ఇల్లు, వారానికి 14 నుంచి 18 పీరియడ్లు, చలికాలంలో ఐదారు వారాలు, ఎండాకాలంలో దాదాపు రెండు నెలల సెలవు ఉంటాయి. చాలాచోట్ల విదేశీ టీచర్ల క్లాసులు పరీక్షలకు ముందే ముగుస్తాయి. జనవరి మొదట్లో, జూన్ చివర్లో దొరికే ఆ వారం పది రోజులు బంగారం లాంటివి, ఎందుకంటే చైనా పిల్లలింకా బడిలోనే ఉంటారు. దూరప్రయాణాలు అప్పుడే పెట్టుకోవాలి.

ఇంటర్నేషనల్ స్కూల్లో జీతం బాగుంటుంది, టీచింగ్ లైసెన్సు అడుగుతారు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండాలి. ట్రైనింగ్ సెంటర్లకు పిల్లలు వచ్చేది శని ఆదివారాల్లో కాబట్టి మీ సెలవు వారం మధ్యలో పడుతుంది. కొండలు, గుళ్లు ఖాళీగా ఉంటాయి, అది లాభం. సోమవారం సెలవైతే మాత్రం మ్యూజియాలు చాలావరకు మూసి ఉంటాయి. పిల్లల మీద హోంవర్కు, ట్యూషన్ల భారం తగ్గించాలని 2021 జులైలో వచ్చిన 'రెండు భారాల తగ్గింపు' విధానంతో బడి పాఠాల ట్యూషన్ వ్యాపారం కుప్పకూలింది. అందుకే ట్రైనింగ్ సెంటర్ ఆఫరైతే ఆ సంస్థ లైసెన్సు ఏ విభాగం కింద ఉందో, మీ వర్క్ పర్మిట్ మీద అదే సంస్థ పేరు వస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

## ఒక్క చూపులో

| | చెంగ్డు | షియాన్ | కున్‌మింగ్ | గ్వాంగ్‌జౌ | హార్బిన్ |
|---|---|---|---|---|---|
| చలికాలం | తడి చలి, హీటింగ్ లేదు | పొడి చలి, హీటింగ్ ఉంది | పగలు ఎండ, రాత్రి చలి | కొద్దిపాటి చలి | మైనస్ 20, 30. గదులు వెచ్చన |
| గాలి | చలికాలంలో బాగోదు | చలికాలంలో బాగోదు | శుభ్రం | ఫర్వాలేదు | హీటింగ్ నెలల్లో పొగ |
| ప్రధాన ఆహారం | అన్నం, కారం | గోధుమ, కారం | అన్నం, బియ్యపు నూడుల్స్ | అన్నం, కారం లేదు | గోధుమ, బంగాళాదుంప, అన్నం |
| శాకాహారులకు | మధ్యస్థం | బాగుంది | అన్నిటికన్నా మేలు | మధ్యస్థం | కష్టం |
| రెండు రోజుల్లో చూసేవి | చాలా ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ |
| వీధిలో భాష | సిచువాన్ యాస | షాన్షీ యాస | యునాన్ యాస | కాంటనీస్, మాండరిన్ | ప్రామాణిక మాండరిన్‌కు దగ్గర |

## హీటింగ్ గీత

చైనాలో ఛిన్‌లింగ్ కొండలు, హ్వాయ్ నది కలిపి గీసిన ఊహారేఖ ఒకటుంది. దానికి ఉత్తరాన ప్రభుత్వ హీటింగ్ వస్తుంది, దక్షిణాన రాదు. షియాన్ గీతకు ఉత్తరాన ఉంది కాబట్టి నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా గదులు వెచ్చగా ఉంటాయి. చెంగ్డు దక్షిణాన ఉంది. బయట ఉష్ణోగ్రత చూస్తే చెంగ్డులోనే చలి తక్కువ, కానీ జనవరిలో క్లాసులో కోటు వేసుకుని పాఠం చెప్పేది కూడా చెంగ్డులోనే. 5 డిగ్రీల తడి చలి ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. ఏసీని వేడిగాలి మీద పెడితే తల దగ్గర వేడి, కాళ్ల దగ్గర చల్లదనం. పక్కమీద పరిచే కరెంటు దుప్పటి, నూనె రేడియేటర్ మొదటి నెల జీతంలోనే కొనుక్కోండి. హార్బిన్‌లో అక్టోబరు 20 నుంచి ఏప్రిల్ 20 దాకా హీటింగ్ ఉంటుంది. బయట మైనస్ 25 ఉన్నా ఇంట్లో టీషర్టుతో తిరగొచ్చు. విజయవాడ నుంచి వెళ్లేవాళ్లు హార్బిన్ అనగానే భయపడి చెంగ్డుకు ఒప్పుకుంటారు. ఇంట్లో గడిపే గంటల లెక్కన చూస్తే ఆ భయం తలకిందులు.

## చెంగ్డు

శనాదివారాల లెక్కలో దీన్ని కొట్టే ఊరు లేదు. క్రీ.పూ. 256లో లీ బింగ్ మొదలుపెట్టిన దుజియాంగ్యాన్ నీటిపారుదల ఏర్పాటు రైల్లో అరగంట దూరం. ఆనకట్ట కట్టకుండా నదిని చీల్చి పొలాలకు పంపిన ఆ పని ఇప్పటికీ నీళ్లిస్తోంది. ధవళేశ్వరం చూసి పెరిగినవాళ్లు అక్కడ ఒక పూట ఎక్కువే నిలబడతారు. 71 మీటర్ల లెషాన్ బుద్ధుడు రైల్లో గంట. 713లో మొదలై 803లో పూర్తయిన విగ్రహం అది. 3,099 మీటర్ల ఎమెయ్ కొండకు రెండు రోజులు సరిపోతాయి. కంచు ముసుగుల సాన్‌షింగ్‌దుయ్ మ్యూజియం సగం రోజు పని.

పాండా కేంద్రం టికెట్ 55 యువాన్లు, పాస్‌పోర్టు నంబరుతో ముందే కొనాలి. తెరిచే వేళకు గేటు దగ్గర ఉండండి. పొద్దున మేత వేళ దాటితే పాండాలు పడుకుంటాయి, ఎండాకాలంలో వాటిని లోపలి గదుల్లోకి పంపేస్తారు. పదకొండింటికి వెళ్లినవాళ్లకు కనిపించేది వాటి వీపులు.

ఇబ్బందులు: ఆకాశం. "షు దేశంలో కుక్కలు సూర్యుణ్ణి చూసి మొరుగుతాయి" అని చైనాలో పాత సామెత. షు అంటే ఈ ప్రాంతమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారాల తరబడి ఎండ ఉండదు. మబ్బు పడితే మనసు దిగాలుపడే స్వభావమైతే దీన్ని చిన్న విషయంగా తీసెయ్యొద్దు. తిండిలో కారం మనకు కొత్త కాదు, నాలుక తిమ్మిరెక్కించే హ్వాజావ్ గింజలు కొత్త. శాకాహారులకు అసలు వల కూరగాయల వంటకాల్లో ఉంటుంది: వేయించిన చిక్కుడు, మాపో టోఫు రెండిట్లోనూ మాంసం తురుము వేస్తారు. "మాంసం వద్దు" అని మాత్రమే చెబితే ముక్కలు తీసేసి అదే కడాయిలో పంది కొవ్వుతో వండొచ్చు. "వో చీ సు" అంటే శాకాహారినని తెలుస్తుంది. నమ్మకంగా తినాలంటే వెన్‌షు మఠం లాంటి బౌద్ధ మఠాల భోజనశాలలున్నాయి. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

పశ్చిమ సిచువాన్ పచ్చికమైదానాలు, జియుజైగోవ్ సరస్సులు రెండు రోజుల్లో అయ్యేవి కావు. రైలు దగ్గరయ్యాక కూడా జియుజైగోవ్‌కు స్టేషన్ నుంచి కొండదారిలో బస్సు ఎక్కాలి. మూడు రోజులు పెట్టుకోండి. లాసా వెళ్లాలనుకుంటే విదేశీయులు ప్రత్యేక పర్మిట్‌తో, ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. సొంతంగా టికెట్ కొని రైలెక్కడం కుదరదు.

## షియాన్

చరిత్ర ఇష్టమైతే ఇంకో ఆలోచన అక్కర్లేదు. 13.7 కిలోమీటర్ల కోటగోడ మీద సైకిల్ తొక్కొచ్చు, టికెట్ 54 యువాన్లు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడ్డ మట్టి సైన్యం ఊరికి 40 కిలోమీటర్లలోపే ఉంది, టికెట్ 120 యువాన్లు. స్టేషన్ దగ్గర చేయి పట్టుకుని బస్సెక్కించే వాళ్లతో వెళ్తే నకలు బొమ్మలు అమ్మే కార్ఖానాకు చేరతారు. మెట్రోలో లింటాంగ్ వైపు వెళ్లి అక్కడ సిటీ బస్సు పట్టుకోవడం మేలు. బొమ్మలు బయటపడ్డ మూడు గోతుల్లో మొదటిదాన్ని చివర్లో చూడండి. ముందే చూసేస్తే మిగతా రెండూ వెలవెలబోతాయి.

పెద్ద అడవిబాతు స్తూపం తెలుగువాళ్లకు కాస్త సొంతం. 652లో దాన్ని కట్టింది హ్యుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాలను దాచడానికి. మన అమరావతి దగ్గరి ధాన్యకటకానికి వచ్చి వెళ్లిన ఆ యాత్రికుడి దారికి అటు కొస షియాన్.

హ్వాషాన్ కొండ హైస్పీడ్ రైల్లో 40 నిమిషాల లోపే. పడమటి శిఖరం రోప్‌వేలో ఎక్కి ఉత్తర శిఖరం వైపు దిగితే మోకాళ్లు బతుకుతాయి. లాంగ్‌మెన్ గుహల లోయాంగ్ రెండు గంటల్లోపు. చెంగ్డు కూడా దాదాపు నాలుగు గంటలే. 2017 డిసెంబరులో ఆ హైస్పీడ్ లైను తెరిచాక ఈ రెండు ఊళ్లలో ఏది ఎంచుకున్నా రెండోది పొడవాటి శనాదివారాల దూరంలోకి వచ్చేసింది.

తిండి గోధుమ. అన్నం లేనిదే భోజనం కానివాళ్లు కుక్కర్ పట్టుకెళ్లాలి. లాభాలూ ఉన్నాయి: చల్లటి ల్యాంగ్‌పి నూడుల్స్ చాలావరకు శాకాహారమే, బెల్టంత వెడల్పు బ్యాంగ్‌బ్యాంగ్ నూడుల్స్ మీద కారప్పొడి వేసి సలసల కాగిన నూనె పోస్తారు. ఆ వాసనకు ఇల్లు గుర్తొస్తుంది. ముస్లిం వీధి హలాల్ దుకాణాల్లో పంది మాంసం ఉండదు, గొడ్డు మాంసం ఉంటుంది. అది తిననివాళ్లు "న్యు రౌ" అన్న మాట వినబడితే వద్దనాలి. నూడుల్స్ పులుసు కూడా దాంతోనే కాస్తారు.

డిసెంబరు, జనవరిలో గాలి బాగోదు. ఉబ్బసం ఉన్న పిల్లలతో వెళ్తుంటే ఈ ఒక్క కారణానికే కున్‌మింగ్ వైపు చూడండి.

## కున్‌మింగ్

దాదాపు 1,900 మీటర్ల ఎత్తు. ఎండాకాలంలో ఏసీ అక్కర్లేదు, చలికాలంలో పగలు ఎండ కాస్తుంది. మే నుంచి అక్టోబరు దాకా వాన. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే ఎర్రముక్కు గల్ పక్షులు ఊరి మధ్య ట్సుయ్‌హు చెరువు మీద వాలతాయి. నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకదు, ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. దేశమంతటికీ బీజింగ్ సమయమే కాబట్టి జనవరిలో ఇక్కడ తెల్లవారేసరికి ఎనిమిది అవుతుంది. ఎనిమిది గంటల క్లాసుకు చీకట్లోనే బయల్దేరతారు.

తిండిలో మనవాళ్లకు అన్నిటికన్నా దగ్గర ఇదే. రూబింగ్ అనే మేకపాల జున్ను అచ్చం పనీరులా ఉంటుంది, పెనం మీద వేయించి ఇస్తారు. కారం, పుదీనా, కొత్తిమీర, పులుపు ధారాళం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అడవి పుట్టగొడుగులు వస్తాయి. కోస్తే నీలం రంగుకు తిరిగే రకాన్ని సరిగ్గా వేయించకపోతే లేనివి కళ్లకు కనబడతాయి, ఆసుపత్రి పాలవుతారు. ఇంట్లో వండకండి. హోటల్లో హాట్‌పాట్ అయితే వాళ్లు టైమర్ పెడతారు, అది మోగేదాకా చెంచా ముట్టొద్దు.

చెంగ్డు అంత దగ్గరగా కాకపోయినా చూడాల్సినవి రైలు దారుల మీదే ఉన్నాయి. షిలిన్ రాతివనం రైల్లో 20 నిమిషాలు, టికెట్ 130 యువాన్లు. దాలీ రెండు గంటలు, లిజియాంగ్ మూడు గంటల పైన. 2023 నవంబరు నుంచి రైలు షాంగ్రిలా దాకా వెళ్తోంది. అది 3,200 మీటర్లు దాటిన ఎత్తు, అందుకని లిజియాంగ్‌లో ఒక రాత్రి ఆగి వెళ్లండి. దక్షిణాన షిష్వాంగ్‌బన్నా, అటునుంచి లావోస్ రాజధాని వియంటియాన్ దాకా ఒకటే రైలు మార్గం.

జీతాలు తక్కువగా ఉంటాయి, ఇంటర్నేషనల్ స్కూళ్లు కూడా కొద్దే. డబ్బు కూడబెట్టడమే లక్ష్యమైతే ఇది మీ ఊరు కాదు.

## గ్వాంగ్‌జౌ

డబ్బు, సౌకర్యం కావాలంటే ఇది. భారత కాన్సులేట్ ఉంది, భారతీయ సరుకుల కొట్లున్నాయి, మన హోటళ్లున్నాయి. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి మొదట వచ్చింది ఇక్కడికే. హాంకాంగ్ రైల్లో గంట. భారత పాస్‌పోర్టుతో 14 రోజుల దాకా వెళ్లాలంటే ఆన్‌లైన్ ముందస్తు నమోదు సరిపోతుంది. యాంగ్‌షువో సున్నపురాతి కొండలు రైల్లో రెండున్నర గంటలు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గోడలు, నేల చెమటపడతాయి. సర్టిఫికెట్లు, తోలు చెప్పులు, పట్టు చీరలు బూజు పడతాయి. ఆ రోజుల్లో కిటికీలు తెరవకూడదు, తేమ పీల్చే యంత్రం కొనాలి. ఏప్రిల్, అక్టోబరుల్లో వాణిజ్య ప్రదర్శన జరిగేటప్పుడు ఇంటివాళ్లు చూడ్డానికొస్తే హోటల్ గది ధర చూసి గుండె ఆగుతుంది. చైనీస్ నేర్చుకోవాలన్న ఉబలాటం ఉన్నవాళ్లకు ఇక్కడి వాళ్ల భాష కాంటనీస్ అడ్డు. మార్కెట్లో మీరు నేర్చిన మాండరిన్ అర్థమవుతుంది గానీ వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది మీకు ఎక్కదు.

## హార్బిన్

ఉచ్చారణ నేర్చుకోవడానికి మంచిది, ఖర్చు తక్కువ, ఎండాకాలం హాయి. మంచు పండుగ అధికారికంగా జనవరి 5న మొదలవుతుంది. దాన్ని చూడ్డానికి అక్కడ ఉద్యోగం చేయనక్కర్లేదు, ఏ ఊరి నుంచైనా నాలుగు రోజులు వెళ్లి రావచ్చు. డిసెంబరులో నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. శనాదివారాల్లో చూసేవి ఒక ఏడాదిలో అయిపోతాయి. రెండో ఏడాది ఒప్పందం రాసేముందు ఆలోచించుకోండి.

## ఎవరికి ఏది

ఒంటరిగా, ఏడాదికి వెళ్లి వీలైనంత తిరిగి రావాలనుకుంటే చెంగ్డులో యూనివర్సిటీ. దంపతులు, చిన్న పిల్లలు, శాకాహారం మూడూ కలిస్తే జీతం తక్కువైనా కున్‌మింగ్. బడి ఫీజు మినహాయింపుతో ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫర్ ఉంటే గ్వాంగ్‌జౌ, పిల్లల ఫీజు లెక్క వేశాక మిగతా ఊళ్లేవీ ఆర్థికంగా నిలవవు. అమ్మానాన్నలను ఒకసారి రప్పించాలనుకునేవాళ్లకు షియాన్ సుళువు, చూడాల్సినవాటిలో చాలావరకు మెట్లు లేవు. వాళ్లను ఏప్రిల్ మధ్యలోనో అక్టోబరు చివర్లోనో రమ్మనండి.

ఎక్కడున్నా ఒక చిక్కు అందరికీ ఉంది. చైనాలో వాట్సాప్ పనిచేయదు. అక్కడ అందరూ వాడే మెసేజింగ్ యాప్ వీచాట్‌ను భారత్ 2020 జూన్‌లో నిషేధించింది. ఇంట్లోవాళ్లతో మాట్లాడే దారి బయల్దేరకముందే వేసుకోవాలి. భారత సిమ్ రోమింగ్ డేటాలో వాట్సాప్ నడుస్తుంది, ఇరువైపులా ఐఫోన్ ఉంటే ఫేస్‌టైమ్ కలుస్తుంది. డబ్బు చెల్లింపులకు అలీపే యాప్‌లో విదేశీ కార్డు జతచేయొచ్చు. 200 యువాన్ల లోపు రుసుము లేదు, దాటితే 3 శాతం పడుతుంది. రైలు టికెట్లు 15 రోజుల ముందు చైనా రైల్వే యాప్ 12306లో తెరుస్తారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు కొట్టండి. ఇంటిపేరు ఎక్కడ పడిందో సరిచూసుకోకపోతే ఖాతా ధ్రువీకరణ అక్కడే ఆగిపోతుంది.

## సంతకానికి ముందు రాతపూర్వకంగా అడగాల్సినవి

ఒప్పందంలో ఊరి పేరుంటుంది, క్యాంపస్ ఊళ్లో ఉండదు. చైనా యూనివర్సిటీలు చాలావరకు కొత్త క్యాంపస్‌లను ఊరికి దూరంగా కట్టుకున్నాయి. షియాన్‌లో చాంగ్‌ఆన్ వైపు, గ్వాంగ్‌జౌలో నది మధ్య దీవిలోని యూనివర్సిటీ టౌన్, కున్‌మింగ్‌లో చెంగ్‌గాంగ్ అలాంటివి. దూరం ఎప్పుడూ నష్టమే కాదు. చెంగ్‌గాంగ్ నుంచి ఊరి మధ్యకు మెట్రోలో చాలాసేపు పడుతుంది గానీ హైస్పీడ్ రైళ్లు ఆగే కున్‌మింగ్ సౌత్ స్టేషన్ ఉన్నది అటువైపే. శుక్రవారం క్లాసు అవగానే ఆ రైళ్లెక్కేవాళ్లకు ఊరి మధ్యలో ఇల్లున్నవాళ్లకన్నా అదే దగ్గర.

కాబట్టి క్యాంపస్ చిరునామాను చైనా లిపిలో తెప్పించుకుని చైనా మ్యాప్ యాప్ గావ్‌దలో పెట్టి, మెట్రో స్టేషన్‌కు, హైస్పీడ్ రైల్వే స్టేషన్‌కు ఎన్ని నిమిషాలో చూడండి. ఇంట్లో హీటింగ్ ఉందా, ఆ బిల్లు ఎవరిది, వంటగదిలో గ్యాస్ పొయ్యా ఇండక్షనా, క్లాసులు ఒకే క్యాంపస్‌లోనా రెండింటిలోనా, శుక్రవారం ఆఖరి పీరియడ్ ఎన్నింటికి అవుతుంది అని అడగండి. ఏడాది తర్వాత బడి మారాలనుకుంటే కావాల్సిన విడుదల పత్రం ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా ఒప్పందంలోనే రాయించుకోండి. అది లేకుండా కొత్త బడి మీ వర్క్ పర్మిట్‌ను తన పేరు మీదికి మార్చుకోలేదు.